నాలుగు బై ఏడు

బ్రాడీపేటలో చిరునామా అంటే భిన్నమే.
పైన నాలుగో లైను, కింద ఏడో అడ్డరోడ్డు,
మధ్య గీత మీద మా డీటీపీ సెంటరు.
ఆటోవాళ్ళెవరూ తప్పిపోరు.
ఈ రాత్రి మాత్రం తెర మీద
గీత ఉంది, పైన నాలుగుంది,
కింద ఏడు లేదు.

సమాకలని ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా.
వర్గమూలం చోట డబ్బా.
అనంతం చోట కూడా అంతే డబ్బా.
అనంతం ఇంతలో ఎట్లా పట్టిందా అని
నవ్వొచ్చింది.
ఒక్కదాన్నే గనక గట్టిగానే నవ్వాను.

పాత మిషను సోమవారం పొగ కక్కి పోయింది.
కొత్తదానిలోకి అక్షరాలన్నీ వచ్చాయి,
గుడులు, కొమ్ములు, ఒత్తులు, చివరికి బండి ర కూడా.
లెక్కల ఫాంట్లు రాలేదు.
పెళ్ళివారంతా దిగి
భజంత్రీలు బండి తప్పినట్టు.

పొద్దున పదింటికి కనకప్రసూన మేడమ్ వస్తారు.
ఇంటర్ రెండో ఏడాది గైడు, రెండొందల పన్నెండు పేజీలు.
"నీ డబ్బాలు మా పిల్లల పేపర్లో సున్నాలై దిగుతాయి మస్తాన్‌బీ"
అంటారు, అరవరు.
అరిస్తేనే నయం.

ఫోనులో నెట్టు పెట్టి దించుకున్నాను.
మూట విప్పాను, చెప్పిన అరలో సర్దాను.
మళ్ళీ నడిపించాను.
దొరకలేదంది.
ఎదురుగా పెట్టాను కదే, కళ్ళు లేవా నీకు?

తర్వాత తెలిసింది, పెడితే చాలదు,
పెట్టానని జాబితాలో ఎక్కించాలి.
ఎక్కించాను. ఇంకా దొరకలేదంది.
ఫైలు పేరులో ఒక్క అక్షరం
చిన్నబడి ఉండాల్సింది పెద్దబడిలో ఉంది.
ఆధార్‌లో నేను మస్తాన్‌బి, మార్కుల లిస్టులో మస్తాన్‌బీ.
ఆ ఒక్క దీర్ఘం కోసం మా నాన్న
మూడు నెలలు మీసేవ మెట్లెక్కాడు.
నేను ఆయన పక్కనే నిలబడి ఉండేదాన్ని,
ఉన్నట్టు ఎవరికీ కనపడకుండా.

"ఏ అచ్చు దొరకలా?"
వరండాలో పడుకున్న ఏసుపాదం తాత లేచొచ్చాడు.
ఇప్పుడు బైండింగు చేస్తాడు గానీ
ముప్పై ఏళ్ళు సీసం అక్షరాలు ఏరిన వేళ్ళు.
చూపించాను.
"ఓ, పాముగుర్తా" అన్నాడు.
"మా కేసులో అది ఉండేదే కాదు.
వాలు ఎఫ్ తీసుకుని
అడ్డగీత ఆకురాయితో అరగదీసేవాణ్ణి.
లెక్కల మేష్టారు కూడా కనిపెట్టలా."

రెండున్నరకి కరెంటు పోయింది.
మూడింటికి వచ్చింది.
పేరు దిద్దాను, జాబితా మళ్ళీ రాయించాను,
ఆవులిస్తూ మీట నొక్కాను.
వచ్చాయి.
గీత కింద ఏడొచ్చి నిలబడింది,
ఎక్కడికీ పోనట్టు, ఏమీ ఎరగనట్టు.
వర్గమూలం తన చెయ్యి చాపి
ఎంత పొడుగు లెక్కనైనా కప్పుకుంది.
ఆ ఆదేశాలన్నీ క్యాలెండరు వెనక రాసిపెట్టాను.
మళ్ళీ ఎవరికి గుర్తుంటాయి?

నూటముప్పై ఒకటో పేజీలో మాత్రం
ఒక్క డబ్బా మిగిలింది.
ఎందుకో ఇప్పటికీ తెలీదు.
నాలుగైంది, పాల ఆటోలు తిరుగుతున్నాయి,
నాకింక ఓపిక లేదు.
తెల్లసిరాతో దిద్ది వదిలేద్దామనుకుంటుంటే
తాత తన జర్దా డబ్బా తెచ్చి బోర్లించాడు.
రెండు గుండుసూదులు, ఒక చెల్లని పావలా,
గీత అరిగిన ఎఫ్ ఒకటి.

బిల్లుల సిరా ప్యాడు మీద అద్ది,
కింద పాత పేపరు మడతేసి,
బొటనవేలితో నొక్కాడు.
చాలాసేపు నొక్కాడు.

పదింటికి మేడమ్ పేజీలు తిప్పుతూ తిప్పుతూ
నూటముప్పై ఒకటి దగ్గర ఆగారు.
కళ్ళద్దాలు సర్దుకున్నారు.
కాగితం వెనక్కి తిప్పి వేలితో తడిమి
"ఇదేంటమ్మా, ఈ ఒక్కటీ
చేతికి తగులుతోంది?"